సిరంజి మీది గీత మందును కొలవదు

"పది యూనిట్లు లాగి వేసుకో, నాకదే సరిపోయింది." బరువు తగ్గించే మందులు, ఒళ్లు తెల్లబడుతుందని చెప్పే గ్లూటాథయోన్, కండరాలు త్వరగా కోలుకుంటాయంటూ అమ్మే పెప్టైడ్లు చిన్న చిన్న గాజు సీసాల్లో పొడి రూపంలో ఇళ్లదాకా వస్తున్నాయి. జిమ్‌లోనో, చుట్టాలింట్లోనో వాటి గురించి వినిపించే సలహా దాదాపుగా ఇలాగే ఉంటుంది. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ మాటలో అసలు సంగతి లేదు. వాళ్ల సీసాలో మందు ఎంతుంది, అందులో నీళ్లు ఎన్ని పోశారు, ఏ సిరంజితో లాగారు అన్నవి తెలియకపోతే పది అన్న అంకెకు విలువే లేదు. ఒకే రకం సీసా, ఒకే రకం సిరంజి వాడినా, ఆ పది యూనిట్లలో ఒకరికి పావు మిల్లీగ్రాము మందు వెళితే ఇంకొకరికి పూర్తి మిల్లీగ్రాము వెళ్లవచ్చు. ఎలాగో కాగితం, పెన్ను పట్టుకుని నెమ్మదిగా చూద్దాం. ఇందులో ఉన్నది ఏడో తరగతి లెక్కే.

పొడి మందును నీళ్లతో కలిపి వాడకానికి సిద్ధం చేయడం మనకు కొత్త పని కాదు. పిల్లలకు జ్వరం, గొంతునొప్పి వచ్చినప్పుడు డాక్టరు రాసే యాంటీబయోటిక్ సిరప్‌లు చాలావరకు పొడిగానే వస్తాయి. కాచి చల్లార్చిన నీళ్లను సీసా మీద గీత దాకా పోసి, బాగా కలిపి, చెంచాతో కొలిచి పడతాం. లేబుల్ మీద "5 మి.లీ.లో 125 మి.గ్రా." అన్నట్టు ఉంటుంది. నీళ్లు ఆ గీతకు సరిగ్గా చేరితేనే ఆ మాట నిజమవుతుంది. గీత దాటి పోస్తే అదే చెంచాలో మందు తగ్గుతుంది. తక్కువ పోస్తే పెరుగుతుంది. సీసాలోని మొత్తం మందు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే. గిన్నెడు పెరుగులో చెంబు నీళ్లు పోసినా బిందెడు నీళ్లు పోసినా ఇంట్లో ఉన్న పెరుగు పెరగదు కదా, గ్లాసులోకి వచ్చేది మారుతుంది. ఇంజెక్షన్ పొడి విషయంలోనూ అంతే. పొడిగా ఎందుకు అమ్ముతారంటే, చాలా మందులు నీళ్లలో కలిశాక ఎక్కువ రోజులు నిలవవు. పొడిగా ఉంటే నెలల తరబడి పాడవకుండా ఉంటాయి.

ఇక్కడ మూడు కొలతలున్నాయి. మిల్లీగ్రాము మందు బరువు. మిల్లీలీటరు ద్రవం పరిమాణం. పాతకాలం కాంపౌండర్లు "రెండు సీసీ" అనేది దీన్నే, ఒక సీసీ అంటే ఒక మిల్లీలీటరే. మూడోది యూనిట్. మొదటి రెండూ తిన్నగానే ఉంటాయి. చిక్కంతా మూడోదాంతోనే.

కొన్ని మందులను బరువుతో కాకుండా శరీరంలో అవి చేసే పనిని బట్టి కొలిచారు. 1921-22లో కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్‌ను మొదట తీసినప్పుడు అది పశువుల క్లోమం నుంచి వచ్చిన శుద్ధంగా లేని రసం. అందులో అసలు ఇన్సులిన్ ఎంతుందో తూచే దారి లేదు. అందుకని కుందేళ్లకు ఎక్కించి, రక్తంలో చక్కెర ఎంత పడిపోతోందో చూసి, ఆ ప్రభావాన్ని యూనిట్‌గా పెట్టుకున్నారు. ఇలా ఏ మందు యూనిట్ ఆ మందుదే. మన ఊళ్లలో ఎముకల నొప్పులకు చాలామంది వేయించుకున్న విటమిన్ డి ఇంజెక్షన్ మీద 6 లక్షల యూనిట్లు అని ఉంటుంది. అంత పెద్ద అంకె చూసి భయపడేవాళ్లున్నారు. దాని బరువు 15 మిల్లీగ్రాములే, ఎందుకంటే విటమిన్ డిలో ఒక మిల్లీగ్రాముకు 40 వేల యూనిట్లు. ఇన్సులిన్‌లో ఒక మిల్లీగ్రాముకు సుమారు 29 యూనిట్లు మాత్రమే. కాబట్టి "యూనిట్లు" అన్న మాట విన్నప్పుడు, ఏ మందు యూనిట్లు అని అడగాలి.

ఇప్పుడు ఇన్సులిన్ సిరంజి చేతిలోకి తీసుకుందాం. దాని మీద 10, 20, 30 అని అంకెలుంటాయి. అవి యూనిట్లే, కానీ ఇన్సులిన్‌కు మాత్రమే. అదీ ఒక నిర్దిష్టమైన గాఢత ఉన్న ఇన్సులిన్‌కే. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా ఒక మి.లీ.కి 40 యూనిట్ల గాఢతది. దానికి ఎర్ర క్యాప్ ఉన్న యు-40 సిరంజి. పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్‌లలో సాధారణంగా మి.లీ.కి 100 యూనిట్లుంటాయి. ఆ గాఢతకు తయారైన సిరంజి యు-100, దానికి నారింజ రంగు క్యాప్. రెండు సిరంజిలూ పక్కపక్కన పెడితే సన్నగా, పొడుగ్గా ఒకేలా కనిపిస్తాయి. కానీ యు-40 సిరంజిలో 20 అంకె దగ్గర అర మిల్లీలీటరు ఉంటే, యు-100లో అదే 20 దగ్గర ఉండేది 0.2 మి.లీ. మాత్రమే.

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో వెళ్లే పెద్దవాళ్లకు ఈ తేడా నేరుగా తగులుతుంది. ఇక్కడి నుంచి 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాలు పట్టుకెళతారు. సిరంజిలు అయిపోతే అక్కడి మెడికల్ షాపులో కొంటారు. అక్కడ మనుషులకు అమ్మేవి యు-100 సిరంజిలు. యు-40వి కుక్కలు, పిల్లుల ఇన్సులిన్‌కు వాడతారు. అలవాటుగా 20 దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 8 యూనిట్లు. షుగర్ ఎందుకు పెరుగుతోందో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. అన్నం మానేయిస్తారు, నడక పెంచుతారు. తిరగబడితే ఇంకా ప్రమాదం. అక్కడి 100 యూనిట్ల ఇన్సులిన్ సీసాను ఇక్కడికి తెచ్చుకుని ఎర్ర క్యాప్ సిరంజితో 20 దాకా లాగితే 50 యూనిట్లు వెళతాయి. షుగర్ దారుణంగా పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు.

ఇన్సులిన్‌కే ఇంత తికమక ఉంటే, ఇన్సులిన్ కాని మందును అదే సిరంజితో కొలిచినప్పుడు ఏమవుతుంది? ఆ అంకెలకు యూనిట్లన్న అర్థం పూర్తిగా పోతుంది. యు-100 సిరంజి మీద 1 అంటే మిల్లీలీటరులో నూరో వంతు. 10 అంటే 0.1 మి.లీ. అంతకు మించి ఆ అంకె ఏమీ చెప్పదు. ఆ నూరో వంతు ద్రవంలో మందు ఎంతుందన్నది సీసాలో పోసిన నీళ్లే నిర్ణయిస్తాయి.

లెక్క ఇది. సీసాలోని మిల్లీగ్రాములను కలిపిన మిల్లీలీటర్లతో భాగిస్తే గాఢత వస్తుంది. కావలసిన మోతాదును ఆ గాఢతతో భాగిస్తే ఎన్ని మిల్లీలీటర్లు లాగాలో వస్తుంది. దాన్ని వందతో గుణిస్తే యు-100 సిరంజి మీది అంకె వస్తుంది. ఊరికే ఉదాహరణకు ఒక సీసాలో 10 మి.గ్రా. పొడి ఉందనుకోండి. డాక్టరు రాసిన మోతాదు 0.25 మి.గ్రా. అనుకోండి. 2 మి.లీ. నీళ్లు కలిపితే మి.లీ.కి 5 మి.గ్రా. 0.25ను 5తో భాగిస్తే 0.05 మి.లీ., అంటే సిరంజి మీద 5. అదే సీసాలో 4 మి.లీ. కలిపితే గాఢత 2.5, లాగాల్సింది 10 దాకా. 1 మి.లీ. మాత్రమే కలిపితే గాఢత 10, లాగాల్సింది రెండున్నర. మొదట్లో విన్న సలహా ఇప్పుడు చూడండి. సలహా ఇచ్చినాయన 4 మి.లీ. కలిపాడు, ఆయనకు పది యూనిట్లలో పావు మిల్లీగ్రాము వెళ్లింది. విన్నాయన 1 మి.లీ. కలిపాడు, ఆయనకు అదే పదిలో పూర్తి మిల్లీగ్రాము వెళ్లింది. నాలుగు రెట్లు. ఇద్దరూ పదే లాగారు.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఒక మంచి దారి ఉంది. సీసాలో మొత్తం ఎన్ని మోతాదులున్నాయో నీళ్లతో సంబంధం లేకుండా ముందే తెలుస్తుంది. 10ని 0.25తో భాగిస్తే 40. ఇప్పుడు నీళ్ల వైపు నుంచి లెక్కించండి. 2 మి.లీ.ను 0.05తో భాగించినా 40 రావాలి. వచ్చింది కాబట్టి సరే. ఎక్కడో పొరపాటున 5కు బదులు 25 అని రాసుకున్నారనుకోండి. అప్పుడు ఒక్కో మోతాదు 0.25 మి.లీ., 2 మి.లీ.లో ఎనిమిదే వస్తాయి. నలభై ఎక్కడ, ఎనిమిది ఎక్కడ? తప్పు బయటపడుతుంది.

ఈ నలభై అన్న అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. వారానికోసారి వేసుకునే మందైతే నలభై మోతాదులంటే నలభై వారాలు. కానీ అనేక మోతాదుల సీసాకు ఒకసారి సూది గుచ్చాక, తయారీదారు వేరే గడువు రాయకపోతే, 28 రోజుల్లో పారేయాలన్నది ఆస్పత్రులు పాటించే నియమం. పొడి కలిపాక కొన్ని మందులకు ఆ గడువు ఇంకా తక్కువ. ఆ లెక్కన నాలుగు మోతాదులు వాడి ముప్పై ఆరు పారబోయాలి. డబ్బు పెట్టి కొన్నవాళ్లు పారబోస్తారా? ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన పెట్టుకుని నెలల తరబడి గుచ్చుతూనే ఉంటారు. నా దృష్టిలో ఇంత పెద్ద సీసా ఇంటి వాడకం కోసం తయారైంది కాదనడానికి ఈ భాగహారమే సాక్ష్యం.

నీళ్లు ఎన్ని కలపాలన్నది మన ఇష్టం కాదు, మందుతో వచ్చే కరపత్రంలో ఉన్నంతే కలపాలి. ఎందుకో చెబుతాను. తక్కువ నీళ్లలో కలిపితే లాగాల్సిన ద్రవం మరీ చిన్నదైపోతుంది. పై ఉదాహరణలో రెండున్నర అంకె దగ్గర ఆపాలంటే చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా కష్టమే. ఒక యూనిట్ మేర అటూ ఇటూ అయితే నలభై శాతం తేడా. పది దగ్గర అదే పొరపాటు పది శాతమే. దీనికి తోడు సిరంజి మీది సన్నగీతలన్నీ ఒకేలా ఉండవు. అర మి.లీ. యు-100 సిరంజిలో సాధారణంగా ఒక్కో సన్నగీత ఒక యూనిట్. ఒక మి.లీ. సిరంజిలో చాలావాటికి ఒక్కో సన్నగీత రెండు యూనిట్లు. గీతలు లెక్కపెట్టుకుని ఐదో గీత దాకా లాగేవాళ్లు సిరంజి మారగానే రెట్టింపు వేసుకుంటారు. గీతలను కాదు, అంకెలను చూడాలి. సిరంజిని కంటి ఎత్తున నిలువుగా పట్టుకుని, లోపలి నల్ల రబ్బరు ముక్కలో సూది వైపున్న అంచు ఎక్కడుందో చూడాలి. రబ్బరు కొన చిన్న గోపురంలా పైకి లేచి ఉంటే ఆ కొనను కాదు, గొట్టం గోడను తాకే పై అంచును చదవాలి. గాలి బుడగ ఉంటే వేలితో మీటి పైకి పంపి బయటకు తోసేయాలి. 5 యూనిట్ల ద్రవంలో మినపగింజంత బుడగ కూడా మోతాదులో పెద్ద భాగాన్ని మింగేస్తుంది.

పై లెక్కలో వదిలేసినది ఒకటుంది, పొడి కూడా కొంత చోటు ఆక్రమిస్తుంది. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ ఒక గ్రాము సీసాలో 9.6 మి.లీ. కలిపితే మి.లీ.కి 100 మి.గ్రా. వస్తుంది, అంటే మొత్తం 10 మి.లీ. అవుతుంది. పెప్టైడ్ల వంటి మిల్లీగ్రాముల పొడికి ఈ తేడా పట్టించుకునేంత ఉండదు.

మోతాదు తప్పడం ఊహించుకున్న ప్రమాదం కాదు. 2024 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. మందును సొంతంగా కలిపి తయారుచేసే కాంపౌండింగ్ ఫార్మసీలు సీసాల్లో పోసి అమ్మిన సెమాగ్లుటైడ్ అనే బరువు తగ్గించే మందును జనం తామే సిరంజితో లాగి వేసుకుంటూ, కొందరు అనుకున్నదానికి 5 నుంచి 20 రెట్లు ఎక్కువ వేసుకున్నారు. ఆగని వాంతులు, ఒంట్లో నీరు తగ్గిపోవడం, స్పృహ తప్పడం, క్లోమం వాపు దాకా వెళ్లాయి. కొందరు ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. పొరపాటు జనానిదే కాదు. 0.25 మి.గ్రా. ఇవ్వాలనుకున్న ఒక వైద్యుడు 5 యూనిట్లు అని రాయాల్సింది 25 యూనిట్లు అని రాశారు. 0.25లోని 25 చేతిలోకి జారివచ్చినట్టుంది. ఇంకొకరు 2 యూనిట్లకు బదులు 20 రాశారు. సెమాగ్లుటైడ్‌ను 0.25తో మొదలుపెట్టి నెలనెలా మెల్లగా పెంచేది కడుపు తట్టుకోవడం కోసమే. మొదటి రోజే ఐదు రెట్లు పడితే మూడో నెల మోతాదు కంటే ఎక్కువ లోపలికి వెళ్లినట్టు. పైగా ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. వాంతులు ఒక పూటతో పోవు.

అందుకే రాసుకునే పద్ధతి కూడా మందులో భాగమే. మైక్రోగ్రాము మిల్లీగ్రాములో వెయ్యో వంతు, 250 మైక్రోగ్రాములంటే 0.25 మి.గ్రా. రెండింటినీ ఒకే లెక్కలో కలపకూడదు, ముందే ఒకటిగా మార్చుకోవాలి. దశాంశం ముందు సున్నా తప్పక రాయాలి, .5 అంటే ఆ చుక్క కనపడక 5 అయిపోతుంది. 1.0 అని రాస్తే 10గా చదివే ప్రమాదం ఉంది, 1 అంటే చాలు. యూనిట్లకు బదులు ఇంగ్లిష్ "యు" అక్షరం పెడితే అది సున్నాలా కనిపించి 4 కాస్తా 40 అవుతుంది. డాక్టరు చీటీలో యూనిట్లు మాత్రమే ఉంటే, మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు కూడా రాయించుకోండి. అడిగినందుకు ఏ మంచి డాక్టరూ నొచ్చుకోరు.

కలిపే నీళ్లు కూడా మామూలు నీళ్లు కావు. సిరప్‌కు పనికొచ్చిన కాచి చల్లార్చిన నీళ్లు సూదిలో పనికిరావు. బిస్లరీ పనికిరాదు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అసలే పనికిరాదు. ఇంజెక్షన్ కోసమే శుద్ధి చేసిన స్టెరైల్ వాటర్‌లో క్రిములను ఆపే మందు ఏదీ ఉండదు, కాబట్టి ఒకసారి తెరిచింది ఒకసారికే. బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌లో 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది. పదే పదే గుచ్చే సీసాలకు అది వాడతారు. అప్పుడే పుట్టిన పిల్లలకు మాత్రం అది ప్రాణాంతకం కావచ్చు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద మాట. ఈ లెక్కంతా లేబుల్ మీది మిల్లీగ్రాముల అంకె నిజమన్న నమ్మకం మీద నిలబడింది. ఆమోదం పొందిన మందుకు ఆ అంకె వెనుక తయారీ తనిఖీ ఉంటుంది, బ్యాచ్ నంబరు ఉంటుంది, అడిగితే జవాబు చెప్పేవాళ్లుంటారు. "పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు" అని స్టిక్కరు అంటించి అమ్మే సీసాకు ఇవేమీ ఉండవు. బీపీసీ-157 అనే పెప్టైడ్ సంగతే చూడండి. గాయాలు మానుతాయని దాన్ని పొగుడుతారు. మనుషుల్లో దాని మంచి చెడ్డలు తేల్చిన పెద్ద పరీక్షలు లేవు. ఎఫ్‌డీఏ 2023లో దాన్ని భద్రత విషయంలో ఆందోళన ఉన్న పదార్థాల వరుసలో పెట్టింది. ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ 2022 నుంచి క్రీడాకారులకు నిషేధించింది. చర్మం తెల్లబడటానికి వాడే ఇంజెక్షన్ దేనికీ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు, గ్లూటాథయోన్‌కు కూడా. సీసాలో 10 మి.గ్రా. ఉందో 6 ఉందో, అసలు ఆ మందే ఉందో లేదో తెలియనప్పుడు మూడు దశాంశాల దాకా లెక్క కట్టి ప్రయోజనం లేదు. అలాంటి సీసాకు మోతాదు ఎంత అని ఎవరైనా నన్నడిగితే నేను చెప్పగలిగేది ఒక్కటే, వేసుకోవద్దని.

ఇంట్లో సూది వేసుకోవాల్సిన అవసరం నిజంగా ఉన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లకు లెక్క తక్కువ ఉండే దారులున్నాయి. పెన్నులో మోతాదును తిప్పి పెట్టుకోవడమే. సెమాగ్లుటైడ్ కోవకే చెందిన టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు ఒక్కో మోతాదు ఒక్కో సీసాలో, అర మి.లీ.లో వచ్చింది. మొత్తం లాగి వేసుకోవడమే, భాగాలు చేయడం లేదు. పిల్లల కోసం ఐవీఎఫ్ చేయించుకునే ఆడవాళ్లు రోజూ పొట్టలో వేసుకునే హార్మోన్ పొడుల్లో కొన్ని 75 యూనిట్ల సీసాలుగా వస్తాయి. డాక్టరు 150 చెబితే ఒకే ఒక మి.లీ. నీళ్లతో మొదటి సీసా పొడిని కరిగించి, అదే నీటిని రెండో సీసాలోకి పంపి, మొత్తం లాగుతారు. నీళ్లు ఒక మిల్లీలీటరే, మందు రెట్టింపు. సీసా మొత్తం వాడితే సిరంజి మీద ఏ అంకె ఉందన్న గొడవే లేదు. కొంత మాత్రమే లాగాల్సి వస్తే మొదటిసారి నర్సు ముందు మీ చేత్తో లాగి చూపించండి. ఏ అంకె దగ్గర ఆపాలో ఖాళీ సిరంజి మీద మార్కర్‌తో గుర్తు పెట్టించుకుని ఇంట్లో ఉంచుకోండి. మెడికల్ షాపులో వేరే రకం సిరంజి ఇస్తే ఆ గుర్తు చెల్లదని గుర్తుంచుకోండి.

ఎక్కువ వేసుకున్నామని తెలిస్తే, ఇన్సులిన్ అయితే ఆగకూడదు. చెమటలు, వణుకు, తల తిరగడం మొదలైతే, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ షుగర్ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. సెమాగ్లుటైడ్ వంటి వాటిలో ఆ క్షణానికి ఏమీ అనిపించకపోయినా డాక్టరుకు చెప్పాలి, తర్వాతి మోతాదు సొంతంగా వేసుకోకూడదు. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు సీసా, వాడిన సిరంజి, నీళ్ల సీసా మూడూ డబ్బాలో పెట్టి పట్టుకెళ్లండి. అక్కడ "పది యూనిట్లు వేసుకున్నా" అని కాకుండా, ఎన్ని మిల్లీగ్రాముల సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు కలిపారో, ఎంత లాగారో, ఎన్నింటికి వేసుకున్నారో చెప్పండి.